మానిన గాటు నెల తర్వాత ఎందుకు లేచింది: మా ఆపరేషన్ థియేటర్ సింక్ దగ్గర దొరికిన జవాబు

ఫిబ్రవరిలో ఒకామెకు లాప్రోస్కోపీతో, అంటే పొట్టకు చిన్న గాట్లు పెట్టి గొట్టాలు దూర్చి, పిత్తాశయం తీశాను. వయసు 38, కళ్యాణదుర్గం వైపు పల్లె, చింతపండు గింజలు తీసే కూలికి పోయే మనిషి. రాళ్లు తప్ప వేరే ఇబ్బంది లేని మామూలు కేసు. రెండో రోజు ఇంటికి పంపాం, ఎనిమిదో రోజు కుట్లు విప్పాం, నాలుగు గాట్లూ సన్నటి గీతల్లా మానాయి. మార్చి నెలాఖరున మళ్లీ నా ఓపీలో కూర్చుంది. ఛాతీ ఎముక కిందున్న గాటు దగ్గర బఠాణీ గింజంత గడ్డ. పైన చర్మం వంకాయ రంగుకు తిరిగింది. మధ్యలో సూదిమొనంత రంధ్రం.

"నొప్పేం లేదు సార్, జరం గిరం కూడా లేదు. నీళ్ల మాదిరి కారతాంది, అంతే. రవికెకు అంటుకుంటాంది" అంది.

అప్పటికే ఊళ్లో ఆర్‌ఎంపీ వారం రోజులు యాంటీబయాటిక్ ఇచ్చాడు. నేను చూసి, కుట్టు దారం పడలేదనుకున్నా. లోపలి పొరలో వేసిన దారం కొందరికి ఇలా బయటికొస్తుంది, తీసేస్తే మానిపోతుంది. మత్తు సూది వేసి గాటు తెరిచి, గోకి శుభ్రం చేశా. దారం కనపడలేదు. చీము అనదగ్గది కూడా లేదు. బూడిద రంగు మెత్తటి కండ, పలచటి నీరు, అంతే. ఏ క్రిమి పెరుగుతుందో చూసే కల్చర్‌కు పంపి ఇంకో యాంటీబయాటిక్ రాశా. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది: నో గ్రోత్. ప్రాణం లేచొచ్చింది నాకు. పదిహేను రోజులు తిరిగేసరికి అదే గాటు, అదే రంధ్రం, పక్కన ఇంకో గడ్డ.

ఇది అనంతపురంలో నేను పనిచేసే ప్రైవేటు ఆస్పత్రిలో జరిగింది. రోగులను ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, ఊరు లాంటివి కొద్దిగా మార్చాను. తప్పు జరిగిన తీరును మాత్రం మార్చలేదు.

టీబీ మందులు వాడుతున్న పెద్దాయన

ఏప్రిల్ రెండో వారంలో తాడిపత్రి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో మేస్త్రీ. ఆయనకూ పిత్తాశయం నేనే తీశాను, జనవరిలో. బొడ్డు దగ్గరి గాటు నెలకు లేచింది. నా దగ్గరికి రాకుండా ఇంకో చోట చూపించుకున్నాడు. వాళ్లు ముక్క తీసి బయాప్సీకి పంపితే గ్రాన్యులోమా (వాపు కణాల ముద్ద) అని వచ్చింది. గ్రాన్యులోమా అంటే మన దేశంలో ముందు గుర్తొచ్చేది టీబీ. ఆరు వారాలుగా టీబీ మాత్రలు మింగుతున్నాడు. మూత్రం నారింజ రంగులో వస్తోంది, అన్నం సహించడం లేదు, మనిషి నీరసపడిపోయాడు, గాటు మాత్రం అలాగే కారుతోంది.

ఇద్దరికీ ఆపరేషన్ చేసింది నేను, చేసింది ఒకే థియేటర్‌లో, గాట్లు లేచింది ఇంచుమించు ఒకే వ్యవధికి. ఆ రాత్రి మెడికల్ కాలేజీ రోజుల నుంచి స్నేహితురాలైన మైక్రోబయాలజిస్టుకు ఫోన్ చేశా. నేను సగం చెప్పేలోపే అడిగింది: "పోర్టు దగ్గరేనా? మానిన తర్వాత లేచిందా? రెండు రోజులకే ప్లేటు పారేశారా?"

పోర్టు అంటే గొట్టం దూర్చిన గాటు, ప్లేటు అంటే కల్చర్ పెట్టిన పళ్లెం. మూడింటికీ అవుననే చెప్పాల్సి వచ్చింది.

మామూలుగా చీములో పెరిగే బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లో ప్లేటు మీద కనపడతాయి. అందుకని ల్యాబ్ 48 గంటలు చూసి, ఏమీ లేకపోతే నో గ్రోత్ అని రాసి ప్లేటు తీసేస్తుంది. ఇలాంటి గాట్లలో ఉండేది మైకోబాక్టీరియా కుటుంబంలోదే, కానీ టీబీ క్రిమి కాదు. మట్టిలో, నీళ్ల పైపుల్లో, ట్యాంకుల్లో బతికే రకం. టీబీ క్రిమి పెరగడానికి వారాలు పడితే ఇవి మూడు నుంచి ఏడు రోజుల్లో పెరుగుతాయి. మేం ప్లేటు పారేసేది సరిగ్గా అవి కనపడే ముందు.

ఆమె చెప్పినట్టే ఇద్దరి గాట్ల నుంచీ స్వాబ్ (దూది పుల్లతో అద్ది తీసేది) కాకుండా కండ ముక్క తీసి పంపాం. స్వాబ్‌కు వచ్చే సరుకు చాలా తక్కువ, ఈ క్రిమికి అది సరిపోదు. ఏఎఫ్‌బీ స్టెయిన్ అనే రంగు పరీక్షలో ఎర్రటి కడ్డీలు కనిపించాయి. అదే ముక్క మీద సీబీనాట్ అనే జన్యు పరీక్ష చేస్తే టీబీ లేదని వచ్చింది. స్టెయిన్ పాజిటివ్, సీబీనాట్ నెగటివ్. గాటు చుట్టూ ఇన్నాళ్లుగా తిరుగుతున్న మాకు ఆ రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టగానే దారి దొరికింది. స్టెయిన్ ఆ కుటుంబంలో ఎవరున్నా పట్టిస్తుంది, సీబీనాట్ టీబీ క్రిమిని మాత్రమే పట్టిస్తుంది. అయిదో రోజున ప్లేటు మీద మొలకలు వచ్చాయి. మైకోబాక్టీరియం చెలోనే అని తేలింది. టీబీకి మొదట ఇచ్చే మందులు దీని మీద పనిచేయవు. పెద్దాయన ఆరు వారాలు మింగింది దండగే.

ముందు అందరూ గోడల వైపు చూశారు

విషయం మేనేజ్‌మెంట్‌కు చెప్పగానే వచ్చిన మొదటి మాట "థియేటర్ ఫ్యూమిగేషన్ చేయిద్దాం" అని. రెండో మాట "ఏసీ ఫిల్టర్లు మార్పిద్దాం" అని. మన దగ్గర థియేటర్‌లో ఇన్‌ఫెక్షన్ అనగానే గోడలు తుడవడం, పొగ పెట్టడం, నేల మీద స్వాబ్ తీయడం ఒక రివాజు. రోగి పొట్టలోకి గోడ వెళ్లదు కదా! ఫ్యూమిగేషన్‌కు నేను అడ్డు చెప్పలేదు, చేయించారు. కానీ లాప్ కేసులన్నీ ఆపేయమన్నాను. దాని మీద కొంచెం గట్టిగానే వాదన జరిగింది, నెల రాబడి గురించి. ఆపేశాం.

నేనూ అనస్థీషియా డాక్టరూ మూడు నెలల ఓటీ రిజిస్టర్ ముందేసుకున్నాం. లాప్ చేయించుకున్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేశాం. ఇంకో ముగ్గురు దొరికారు. ఒక అమ్మాయికి అపెండిక్స్ ఆపరేషన్, హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది, గడ్డను మొటిమ అనుకుని పసుపు రాస్తోంది. మొత్తం అయిదుగురు. అదే మూడు నెలల్లో అదే థియేటర్‌లో ఓపెన్‌గా చేసిన హెర్నియాలు, సిజేరియన్లలో ఒక్కటంటే ఒక్కటి ఇలాంటిది లేదు. గాలి అదే, గోడలవే, చేతులవే. మారింది పనిముట్లు. ఓపెన్ సెట్లు ఒత్తిడితో ఆవిరి పట్టించే ఆటోక్లేవ్‌లోకి వెళ్లేవి, లాప్ సెట్ గ్లుటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణం పోసిన ట్రేలోకి. ఏ కంపెనీదైనా ఓటీల్లో అందరూ సైడెక్స్ అనే అంటారు, మేమూ అలాగే అనేవాళ్లం.

రిజిస్టర్‌లో ఇంకో కాలమ్ ఉంది, ఆ రోజు ఎన్నో కేసు అని. అయిదుగురిలో ఒక్కరు కూడా ఆ రోజు మొదటి కేసు కాదు. రెండో, మూడో, నాలుగో కేసులు. ఇది అనస్థీషియా డాక్టర్ కంటపడింది, నాకు కాదు.

ఇక ముందు కేసు కుట్లు ముగిసిన టైమూ, తర్వాతి కేసు పొట్టలోకి గ్యాస్ ఎక్కించిన టైమూ రెండూ రిజిస్టర్‌లో ఉంటాయి. తీసేసి చూశా. చింతపండు కూలికి పోయే ఆమెకు ముందు కేసుకూ, ఆమె కేసుకూ మధ్య 24 నిమిషాలు. పనిముట్లు కడగడం, నానబెట్టడం, మళ్లీ తొలవడం, టేబుల్ మీద సర్దడం, అన్నీ ఆ 24 నిమిషాల్లోనే జరగాలి. మా దగ్గరున్నది ఒకే సెట్.

సింక్ దగ్గర

ఇన్నేళ్లలో నేను ఆ సింక్ దగ్గర పది నిమిషాలు నిలబడింది లేదు. గ్లవ్స్ తీసి పారేసి, కేస్ షీట్ రాసి, టీ తాగి వచ్చేసరికి పనిముట్లు మళ్లీ టేబుల్ మీద మెరుస్తూ ఉండేవి. ఈసారి ఓటీ ఇన్‌చార్జ్ సిస్టర్‌ను, ఓటీ అసిస్టెంట్‌ను పిలిచి, "రద్దీ రోజు ఎట్లా చేస్తారో అచ్చం అట్లాగే చేసి చూపించండి, నేనేమీ అనను" అన్నా. సిస్టర్ నాకంటే ముందు నుంచి ఆ థియేటర్‌లో ఉన్న మనిషి.

అసిస్టెంట్ ట్రోకార్లను, అంటే గాట్లలో దింపే గొట్టాలను, కుళాయి కింద పట్టి, బయట స్క్రబ్బర్‌తో రుద్ది, గొట్టంలోకి నీళ్లు పోసి దులిపాడు. గ్యాస్ బయటికి పోకుండా ఆపే లోపలి ఫ్లాప్ వాల్వు విప్పలేదు. విప్పుతారా అని అడిగితే, "అది విప్పితే స్ప్రింగ్ ఎగిరిపోతాది సార్, ఒకసారి పోయింది. రాత్రి అన్నీ అయినంక విప్పుతాం" అన్నాడు. లోపల పట్టుకోవడానికి, విడదీయడానికి వాడే గ్రాస్పర్, మేరీల్యాండ్ లాంటివి పొడవాటి సన్న గొట్టాలు. మా వాటిల్లో సగం మూడు ముక్కలుగా విడిపోయే రకం, సగం అసలు విప్పడానికి వీల్లేని పాత రకం. లోపలికి వెళ్లే బ్రష్ లేదు. ఒక పాత టూత్ బ్రష్ ఉంది. తడి పనిముట్లను అలాగే ట్రేలో వేశాడు. ట్రే మీద అంటించిన టేపు మీద తేదీ చెరిగిపోయింది. ఎప్పుడు కలిపారంటే, "రంగు బాగానే ఉంది సార్" అన్నాడు. గ్లుటరాల్డిహైడ్ యాక్టివేటర్ కలపగానే ఆకుపచ్చగా మారుతుంది. పచ్చగా ఉన్నంత కాలం పనిచేస్తున్నట్టేనని మా నమ్మకం. తగ్గితే పైన కొంచెం పోసేవాళ్లు. రంగు ఉంటుంది, పవర్ ఉండదు. తడి పనిముట్లు రోజుకు నాలుగుసార్లు పడితే ఆ నీటికే పలచబడిపోతుంది. చిక్కదనం చూసే టెస్ట్ స్ట్రిప్పులు బజార్లో ఉన్నాయి, మేం ఒక్కసారి కూడా కొనలేదు.

ట్రేలోంచి తీసిన పనిముట్లకు అంటిన మందు పోయేలా తొలవాలి, లేకపోతే పొట్టలో పొరలు మండుతాయి. పొద్దున మొదటి కేసుకు సిస్టర్ కొత్త స్టెరైల్ వాటర్ బాటిల్ విప్పేది. తర్వాతి కేసులకు మూలనున్న స్టీలు డ్రమ్ము నీళ్లు. అవి పొద్దున మరగబెట్టిన నీళ్లే. మూత తీసి మగ్గు ముంచి పోస్తారు. సగానికి తగ్గితే? కుళాయి తిప్పి నింపుతారు. ఎండాకాలం అయితే ఆ కుళాయిలో వచ్చేది ట్యాంకర్ నీళ్లు. వాన బాగా తక్కువ పడే జిల్లా మాది. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు సంపులో కలిసి, అక్కడి నుంచి మిద్దె మీది ట్యాంకుకు ఎక్కుతాయి. ఆ ట్యాంకు అడుగున వేళ్లకు తగిలే జారుడు పొరలోనే ఈ మైకోబాక్టీరియా కాపురం ఉండేది. వాటి పైపొర మైనంలా ఉంటుంది కాబట్టి బ్లీచింగ్ వేసినా తట్టుకుంటాయి.

"ఎంతసేపు నానబెట్టాలి సిస్టర్?" అని అడిగా.

"ఇరవై నిమిషాలు సార్."

"మధ్యలో ఉన్నదే ఇరవై నాలుగు నిమిషాలు కదా, ఆ రోజు?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది. "మీరు బయటికొచ్చి, 'అయిందా సిస్టర్, పేషెంట్‌ను టేబుల్ మీదికి తీసుకుందామా' అంటే నేను ఏమని చెప్పాలి సార్? ఇంకా పది నిమిషాలు అంటే మీ ముఖం నాకు తెలియదా?"

నేనేమీ అనను అని ముందే మాట ఇచ్చాను. ఇవ్వకపోయినా అనడానికి ఏమీ లేదు. రోజుకు నాలుగు లాప్ కేసులు పెట్టింది నేను. రెండో సెట్ కొనమని ఒక్కసారి కూడా అడగనిది నేను. ఆరోగ్యశ్రీ కేసులు ఎక్కువవుతున్నాయి, లిస్టు పెరుగుతోంది, ఫస్ట్ కేసు తొమ్మిదికి మొదలైతే రెండుకల్లా అయిపోవాలి అని నియమం పెట్టింది కూడా నేనే. మేం రాసుకున్న మూలకారణాల కాగితంలో ఫ్లాప్ వాల్వు, డ్రమ్ము, పాత ద్రావణం అన్నీ ఉన్నాయి. వాటన్నిటికీ పైన సర్జన్ లిస్టు అని నేనే రాశా.

డ్రమ్ము నీళ్లు, కుళాయి నీళ్లు, ట్రోకార్ ఫ్లాప్ వాల్వు లోపల గోకిన మడ్డి, మూడూ పంపాం. డ్రమ్ములోనూ, వాల్వులోనూ అదే జాతి పెరిగింది. రోగుల్లోదీ, డ్రమ్ములోదీ ఒకే తల్లి బిడ్డలా అని తేల్చే జన్యు పరీక్షకు మేం పోలేదు. చేయాల్సిన పని దానితో మారేది కాదు.

ఇరవై నిమిషాలకు అర్థం

పనిముట్లను ఎంతగా శుభ్రం చేయాలన్నది అవి శరీరంలో ఎక్కడికి వెళ్తాయో దాన్ని బట్టి ఉంటుందని ఎర్ల్ స్పాల్డింగ్ అనే అమెరికన్ 1960లలోనే చెప్పాడు. చెక్కు చెదరని చర్మానికి తగిలేవి ఒక రకం. నోరు, గొంతు లాంటి తడి పొరలకు తగిలేవి ఇంకో రకం, వాటికి దాదాపు అన్ని క్రిములనూ చంపే హై లెవల్ డిస్‌ఇన్ఫెక్షన్ చాలు. పొట్ట లోపలికి, రక్తంలోకి వెళ్లేవి మూడో రకం, వాటికి స్టెరిలైజేషన్ తప్ప వేరే దారి లేదు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే బ్యాక్టీరియా రూపాలైన స్పోర్లు కూడా చావాలి. రెండు శాతం గ్లుటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు నానబెడితే దొరికేది రెండో రకం శుభ్రం. అందులోనే స్టెరిలైజేషన్ కావాలంటే 10 గంటలు పడుతుంది. ఎండోస్కోపీ గదిలో నడిచే లెక్కను మేం పొట్టలోకి పోయే పనిముట్లకు వాడేశాం. మా ఒక్కరి అలవాటే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. కర్నూలు, కడప వైపు నేను కేసులకు వెళ్లిన చిన్న చోట్లలోనూ ఇదే ట్రే, ఇదే 20 నిమిషాలు చూశాను.

ఇంకో చిక్కు ఉంది. గ్లుటరాల్డిహైడ్ ప్రోటీన్‌ను గట్టిపరుస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసే కణజాలాన్ని చెడకుండా బిగించేది దీంతోనే, తోళ్లు పదును పెట్టడంలోనూ వాడతారు. వాల్వులో రక్తపు చార మిగిలిపోయి ఉంటే, ఈ మందు దాన్ని కరిగించదు, అక్కడే పెంకులా అతికిస్తుంది. రోజుకు నాలుగుసార్లు, నెలల తరబడి. కింద ఉన్న క్రిమికి మేమే గొడుగు పట్టినట్టయింది. బ్రెజిల్‌లో రియో డి జనీరో ప్రాంతంలో 2006, 2007 సంవత్సరాల్లో లాప్రోస్కోపీ చేయించుకున్న వాళ్లలో ఇదే కుటుంబపు క్రిమి పెద్ద ఎత్తున వ్యాపించింది. అక్కడి రకం రెండు శాతం గ్లుటరాల్డిహైడ్‌నే తట్టుకుని బతికింది. అంటే తేదీ సరిగ్గా రాసి, 20 నిమిషాలూ గడియారం పెట్టి నానబెట్టినా పూర్తి భరోసా లేదు.

అందుకే ట్రేను బాగు చేయడం కాదు, తీసేయడమే అనుకున్నాం.

ఆటోక్లేవ్‌కు మారాం, అదీ ఫెయిలైంది

పనిముట్లన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ భూతద్దంతో చూశాం. చాలావాటి హ్యాండిల్ మీద సన్నటి అక్షరాలు చెక్కి ఉన్నాయి, ఆటోక్లేవబుల్, 134 డిగ్రీలు అని. కొన్న రోజు నుంచీ ఉన్నాయి! ఆవిరికి ఇన్సులేషన్ పాడైపోతుంది అని ఎవరో ఎప్పుడో చెప్పారు, అది నిజమనుకుని సంవత్సరాలుగా వాటిని ఆటోక్లేవ్‌లో పెట్టలేదు. పొట్ట లోపల చూడటానికి వాడే పాత టెలిస్కోపు మీద మాత్రం ఆ మాట లేదు, ఆవిరి తగిలితే లెన్సుల సీలు పోతుంది. దాన్ని ఈటీఓకు, అంటే ఎథిలీన్ ఆక్సైడ్ గ్యాస్‌తో చేసే స్టెరిలైజేషన్‌కు, పంపుతున్నాం. గ్యాస్ వదలడానికి పట్టే సమయం కలుపుకుంటే మర్నాటికి గానీ చేతికి రాదు. రోజువారీ వాడకానికి ఆటోక్లేవ్ చేయదగిన కొత్త టెలిస్కోపు కొన్నాం. విప్పడానికి వీల్లేని పాత గ్రాస్పర్లు పక్కన పెట్టేశాం.

మా ఆటోక్లేవ్ నిలువు రకం, పనిముట్లు నింపిన డ్రమ్ములు దింపేది. 15 పౌండ్ల ప్రెషర్, 121 డిగ్రీలు. ప్యాక్‌కు అంటించిన టేపు మీద చారలు నల్లబడితే అయిపోయినట్టు. లాప్ సెట్ పెట్టే ముందు మైక్రోబయాలజిస్టు పట్టుబట్టి స్పోర్ వైల్ పెట్టించింది. జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ అనే, వేడికి సులభంగా చావని బ్యాక్టీరియా స్పోర్లు అందులో ఉంటాయి. సైకిల్ తర్వాత ఆ చిన్న సీసాను 55 నుంచి 60 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. ఊదా రంగు ఊదాగానే ఉంటే స్పోర్లు చచ్చినట్టు, పసుపైతే బతికినట్టు. ప్యాక్ మధ్యలో పెట్టిన మా సీసా మర్నాటికి పసుపు పచ్చగా ఉంది. అదే ప్యాక్ మీది టేపు మాత్రం నల్లటి చారలతో నిక్షేపంలా ఉంది.

నిజం చెప్పాలంటే అయిదుగురు రోగుల కన్నా ఆ సీసా చూసినప్పుడే ఎక్కువ భయపడ్డాను. ఇన్నాళ్లూ దేన్ని నమ్మి సిజేరియన్లు చేశామో అదే తప్పింది. టేపు చెప్పేది వేడి తగిలిందని మాత్రమే. ఎంతసేపు తగిలింది, లోపలి దాకా వెళ్లిందా అన్నది దానికి తెలియదు. ఆ రోజే ఎమర్జెన్సీలు తప్ప అన్ని కేసులూ ఆపి, వాటికి కావాల్సిన సెట్లు బయట చేయించి తెచ్చుకున్నాం.

మెకానిక్ విప్పి చూపించాడు. గాలి బయటికి పోయే వెంట్ సగం సున్నపు పెచ్చుతో మూసుకుపోయింది. మా నీళ్లు కాచిన ఏ ఇంటి బిందె అడుగు చూసినా కనపడే తెల్లటి పెచ్చే అది. గాలి పోకపోతే ముల్లు 15 చూపిస్తుంది కానీ, అది ఆవిరీ గాలీ కలిసిన ప్రెషర్. వేడి 121కి చేరదు. దానికి తోడు డ్రమ్ములను కుక్కి కుక్కి నింపడం, ఒకట్రెండుసార్లు డ్రమ్ము పక్క కిటికీలు తెరవకుండానే లోపల పెట్టడం. ఓపెన్ ఆపరేషన్ ఫోర్సెప్స్‌కు ఆవిరి నాలుగు వైపుల నుంచీ తగులుతుంది కాబట్టి గండం గడిచింది. లాప్ పనిముట్లు సన్న గొట్టాలు. లోపలున్న గాలిని బలవంతంగా లాగేస్తే తప్ప ఆవిరి దూరదు.

కాబట్టి ప్రీవాక్యూమ్ ఆటోక్లేవ్ కొనక తప్పలేదు. ముందు పంపుతో గాలి లాగి, తర్వాత ఆవిరి నింపే రకం, 134 డిగ్రీలు, అసలు పట్టి ఉంచే సమయం నాలుగు నిమిషాలే. దాని డబ్బు గురించి జరిగిన మీటింగులు ఇక్కడ రాయను. రోజూ పొద్దున ఖాళీ చాంబర్‌లో బోవీ డిక్ టెస్ట్ చేస్తాం. 1963లో ఎడిన్‌బరో నుంచి వచ్చిన పద్ధతి ఇది. గుడ్డల ప్యాక్ మధ్యలో పెట్టిన కాగితం ఒకే తీరుగా రంగు మారాలి, నడిమధ్య పాలిపోతే గాలి మిగిలిందని అర్థం. ప్రతి లాప్ సెట్ లోపల వేడి, ఆవిరి, సమయం సరిపోయాయో చూపే ఇంటిగ్రేటర్ పట్టీ, వారానికోసారి స్పోర్ వైల్. బాయిలర్‌కు, చివరి తొలుపుకు ఆర్‌ఓ నీళ్లే. స్టీలు డ్రమ్మును ఇప్పుడు వాచ్‌మన్ బకెట్లు పెట్టుకోవడానికి వాడుతున్నాడు.

అయినా అసలు మార్పు మిషన్‌లో కాదు, సింక్ దగ్గర జరిగింది. పనిముట్టు టేబుల్ మీద ఉండగానే తడి గుడ్డతో తుడిచి, రక్తం ఎండిపోకుండా చూస్తాం. సెలైన్‌లో మాత్రం నానబెట్టం, తుప్పు పడుతుంది. వాల్వులు, వాషర్లు, గ్యాస్ ట్యాపులు అన్నీ విప్పి ఎంజైమ్ డిటర్జెంట్‌లో వేస్తాం, గొట్టాల సైజుకు తగ్గ బ్రష్షులతో నీళ్లలో ముంచే రుద్దుతాం. పైకెత్తి రుద్దితే తుంపర్లు రుద్దేవాడి కళ్లలో పడతాయి. తర్వాత అల్ట్రాసోనిక్ తొట్టి, ఆర్‌ఓ నీళ్లు, గొట్టాల్లోకి గాలి కొట్టి ఆరబెట్టడం, భూతద్దం కింద చూడటం. స్ప్రింగులు పోకుండా అసిస్టెంట్ తనే ఒక ఉపాయం కనిపెట్టాడు, టీ వడకట్టే స్టీలు జల్లెడలో పెట్టి విప్పుతాడు. ఇవన్నీ కలిపి, సైకిల్, చల్లారడం చేర్చి, ఒక సెట్‌కు రెండు గంటల పైన పడుతుంది. రెండో సెట్ కొన్నాం. సెట్లు రెండు, కాబట్టి వరసగా రెండే కేసులు. మూడోది కావాలంటే సైకిల్ ముగిసేదాకా నేను కూర్చోవాలి. ప్యాక్ మీద సిస్టర్ సంతకం లేకుండా పేషెంట్‌ను లోపలికి తేకూడదు, ఆ మాటలో సర్జన్ జోక్యం ఉండకూడదు అని నోటీసు పెట్టాం. మొదటి నెలలో రెండుసార్లు ఆ నోటీసును నేనే చదువుకోవాల్సి వచ్చింది.

వాళ్లకు చెప్పాలి కదా

అయిదుగురినీ విడివిడిగా పిలిచి చెప్పాను. ఇది మీ ఒంటి తత్వం వల్ల కాదు, మా పనిముట్ల శుభ్రంలో జరిగిన తప్పు, వైద్యం ఖర్చంతా ఆస్పత్రిదే అని. లాయర్‌ను అడిగి చెప్పమన్న వాళ్లున్నారు, అడగలేదు. పెద్దాయన కొడుకు ఊరుకోలేదు. "మా నాయనకు టీబీ అని ఊరంతా తెలిసిపోయింది. చెల్లెలికి సంబంధం వచ్చి వెనక్కిపోయింది. ఇప్పుడు టీబీ కాదంటాండారు" అన్నాడు. దానికి నా దగ్గర మందు లేదు. కాగితం మీద టీబీ కాదు అని రాసి, సంతకం చేసి ఇచ్చా. వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడమన్న చోటికి వెళ్లి మాట్లాడా.

వైద్యం సులువుగా సాగలేదు. కారుతున్న దారులన్నిటినీ ఆపరేషన్‌తో కోసి తీశాం, కొంచెం మిగిలినా మళ్లీ లేస్తుంది. క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పే ల్యాబ్ సెన్సిటివిటీ చూసి క్లారిత్రోమైసిన్ మాత్రలు రోజుకు రెండుసార్లు, మొదటి వారాల్లో అమికాసిన్ ఇంజెక్షన్లు. ఇంజెక్షన్ నడిచినన్నాళ్లూ కిడ్నీ పరీక్షలు, చెవుల పరీక్ష. పెద్దాయనకు కిడ్నీ దెబ్బతింటోందని చెప్పే క్రియాటినిన్ పెరగడంతో ఇంజెక్షన్ మధ్యలో ఆపేశాం. గాటు మానినట్టు కనపడగానే మాత్రలు ఆపితే తిరగబెడుతుంది. నలుగురికి ఆరు నెలలకు నయమైంది. హాస్టల్ అమ్మాయి నోరు చేదుగా ఉందని మధ్యలో మానేసి, మళ్లీ లేచి, ఇంకోసారి కోయించుకుంది.

కళ్యాణదుర్గం ఆమె చివరిసారి వచ్చినప్పుడు మచ్చ మీద వేలు పెట్టి నొక్కి చూసుకుంటూ, "మా వదినకు కూడా రాళ్లున్నాయంట సార్. తెచ్చేదా?" అని అడిగింది. ఇక్కడికే తెచ్చేదా అని ఆమె అడగలేదు, నాకు మాత్రం అలాగే వినపడింది. తీసుకురమ్మన్నా. వదిన వచ్చింది, ఆ రోజు రెండో కేసు ఆమెదే.

పోయిన నెల ఒక సోమవారం వారపు వైల్ పసుపయింది. టెస్టు పట్టీలన్నీ బాగున్నాయి, బోవీ డిక్ పాసైంది, ప్రింటవుట్‌లో 134 అనే ఉంది. మిషన్ నిలిపేశాం. కిందటి వారం మంచి వైల్ వచ్చిన తర్వాత చేసిన ప్యాకులన్నిటినీ నంబర్లు చూసి వెనక్కి తెప్పించాం, పదకొండు దొరికాయి. అప్పటికే వాడేసిన సెట్ల నంబర్లు పట్టుకుని ఆ రోగులకు ఫోన్లు చేశాం, వాళ్లను ఇప్పటికీ పిలిచి చూస్తూనే ఉన్నాం. ఆ రోజు కేసులు రెండూ వాయిదా. ఒకాయన పొద్దున్నుంచి ఏమీ తినకుండా ఉన్నాడు, కోప్పడ్డాడు, సిస్టరే వెళ్లి సర్ది చెప్పింది. తలుపు గ్యాస్కెట్ ఒక మూల చీలింది, మెకానిక్ గుంతకల్లు నుంచి వచ్చేసరికి సాయంత్రం అయింది. మార్చాక ఒకదాని తర్వాత ఒకటి మూడు సైకిళ్లు, మూడు వైల్స్ పెట్టాం. బుధవారం పొద్దున ఇంక్యుబేటర్ తెరిస్తే మూడూ ఊదాగానే ఉన్నాయి.